రెండో భాగం అందలేదు

పదకొండింటికి తరగతి తనిఖీకి అధికారిణి వచ్చేలోగా వంట, స్నానం, పాఠం తయారీ మూడూ ముగించాలని టీచరమ్మ ఆ ఉదయం అనుకుంది. అపార్ట్‌మెంటు కింద గదిలో ఆమె దగ్గర అక్షరాలు నేర్చుకుంటున్న పెద్దవాళ్లు పన్నెండు మంది. ఆరు నెలలైనా సంతకం దాటి ఎవరూ ఒక్క వాక్యం సొంతంగా రాయలేదు. ఇవాళ కూడా రాయకపోతే తరగతి ఎత్తేసి, ఆ గదిలో విరిగిన కుర్చీలు పడేస్తారు.

అందుకని వాళ్ల చేత ఫోనులో కథలు చేయిద్దామనుకుంది. నాలుగు ఫొటోలు, వెనక సొంత గొంతు, కింద రెండు వాక్యాలు. నమూనాకి భర్త కథే చేసింది. మొదటి భాగంలో, కూరగాయలకని సంచీ పట్టుకు వెళ్లిన మనిషి చీకటి పడినా ఇంటికి రాడు, ఫోను ఎత్తడు. రెండో భాగంలో పక్కవీధి చదరంగం బల్ల దగ్గర దొరుకుతాడు. ఇది నమూనా అన్న మాట కూడా అందులోనే ఉంది. మొదటిది తరగతి గ్రూపుకు చేరింది. రెండోది వెళ్తుండగా ఫోను ఆరిపోయింది. దాన్ని చార్జింగుకు పెట్టి ఆమె వంటింట్లోకి నడిచింది. భర్త జుట్టుకు రంగు వేయించుకోవడానికి అప్పటికే వెళ్లిపోయాడు.

కథ వినగానే, తరగతిలో మొదటి బెంచీ మీద కూర్చునే దర్జీ అక్క మిషను ఆపేసి, ఎదురుగా చెప్పులు కుట్టే మామ దగ్గరకు పరుగెత్తింది.

"మామా, విన్నావా? సారు ఇంటికి రాలేదంట!"

"విన్నాను. ఆ గొంతు చూడు, ఏడుపు ఎలా దిగమింగుకుందో తల్లి!"

"వెళ్లి అడుగుదామా?"

"నీకు మతి పోయిందా? పుండు మీద కారం చల్లడానికా? మనమే వెతుకుదాం. నలుగురూ చూసేలా కాగితాలు అంటిద్దాం."

"రాసేదెవరు?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లకు తెలిసి రాయడం వచ్చిన మనిషి టీచరమ్మ ఒక్కతే. ఆవిడను అడిగేలా లేదు.

పదకొండింటికి అధికారిణి వచ్చేసరికి తరగతిలో నరపురుగు లేదు. మూలనున్న చార్టు కాగితాలు కూడా లేవు.

"ఆరు నెలల చదువంటే ఇదేనా అమ్మా?" అంటూ ఆవిడ ఫైలు మూసింది.

"ఇప్పుడే వస్తారండీ..." టీచరమ్మ గుమ్మం దాకా వెళ్లి వీధిలోకి చూసింది.

అంతలో బయట గోల. పన్నెండు మందీ భర్తను చుట్టుముట్టి తీసుకొస్తున్నారు. మెడలో క్షవరం కొట్టు తువ్వాలు. తల సగం నలుపు, సగం తెలుపు.

"దొరికారు టీచరమ్మా! ఇంక ఏడవకండి!" అంది దర్జీ అక్క.

"నేనెందుకు ఏడుస్తాను? జలుబు చేసింది!"

"కొట్లో అద్దం మీద కాగితం అంటిస్తుంటే," అన్నాడు మామ ఆయాసపడుతూ, "ఆ అద్దంలోనే ఉన్నారు సారు!"

అధికారిణి మామ చేతిలో మిగిలిన కాగితం తీసుకుని పైకి చదివింది. "మా సారు కనబడుట లేదు. మంచివారు. తెల్ల జుట్టు. వయసు డెబ్బయి. దొరికితే తిట్టకుండా పంపండి."

"ఎవరు రాసిచ్చారు?"

"రాసివ్వడమేంటమ్మా? తలా ఒకటి మేమే రాశాం."

ఆవిడ ఫైలు మళ్లీ తెరిచి, తరగతి కొనసాగించవచ్చని రాసి సంతకం చేసింది.

"డెబ్బయా? నాకింకా యాభై ఎనిమిదే! ఎవరు రాశారిది?" భర్త కాగితం లాక్కున్నాడు.

టీచరమ్మ ఆయన భుజం మీదుగా ప్రతి అక్షరం పరీక్షగా చూసి అంది: "తప్పేం లేదండీ, చూసింది చూసినట్టు రాయమని నేనే చెప్పాను."