కిటికీ తెరలు కట్టిన రేసు కారు

ఆ రోజు పొద్దున తక్కెడ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదింటికి అత్తగారిని వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లాలి. తొమ్మిదిన్నరకల్లా అత్తగారు కారు పందెంలో మూడో స్థానంలో రావాలి. పదింటికి ఆవిణ్ణి ఇంటి బస్సెక్కించాలి. అంతే.

తక్కెడ అన్నది ఆ అమ్మాయికి ఆఫీసువాళ్లు పెట్టిన పేరు. వాళ్లది కారు పందాల వీడియో గేములు తయారుచేసే చిన్న కంపెనీ. పళ్ల డాక్టరుగారి పైఅంతస్తులో నాలుగు గదులు. ఆడేవాళ్లు తమ కారుకి అప్‌గ్రేడ్లు చేసుకునేకొద్దీ పోటీ కార్లు కూడా ఎంతెంత బలపడాలో లెక్క కట్టడం ఆమె పని. ఆడేవాళ్ల కారు మరీ బలిస్తే పందెం చప్పబడిపోతుంది. పోటీ కార్లు మరీ బలిస్తే ఆడేవాళ్లు చేతిలోది విసిరికొట్టి లేచిపోతారు. ఈ రెండు పళ్లేలనీ ఎనిమిది నెలలుగా, పెద్దగా నోరు మెదపకుండా, సరిచూస్తూ కూర్చుంది.

కంపెనీలో ఒక నియమం ఉంది. ఆట బయటికి పోయేముందు, పుట్టి బుద్ధెరిగాక వీడియో గేము ముట్టని మనిషి ఒకరు వచ్చి ఆడాలి. ఆరు కార్ల పందెంలో సరిగ్గా మూడో స్థానంలో రావాలి. మొదట వస్తే ఆట మరీ తేలిక అన్నమాట. చివర వస్తే మనసు విరిగి ఇంకెప్పుడూ ఆడరు. మూడో స్థానంలో వచ్చినవాళ్లే "ఇంకొక్కసారి" అంటారు. యజమాని చిన్నప్పుడు బళ్లో పరుగుపందెంలో మూడోవాడిగా వచ్చి, ఆ కసితో ఇప్పటికీ రోజూ పొద్దున్నే పరిగెడుతున్నాడు. నియమం అక్కణ్ణుంచి పుట్టింది.

చిక్కేమిటంటే, ఒకసారి ఆడినవాళ్లు మళ్లీ పనికిరారు. వాచ్‌మన్, లిఫ్టు బాగుచేసే ఆయన, కింది పళ్ల డాక్టరుగారు, ఆయన దగ్గరికి వచ్చిన, ఒక బుగ్గ మొద్దుబారిన రోగులు ఇద్దరు, అందరూ మూడో స్థానం అందకుండానే అయిపోయారు. వాచ్‌మన్ అయితే ఇప్పుడు ఆఫీసు మొత్తాన్నీ చిత్తుగా ఓడిస్తున్నాడు. మిగిలింది అత్తగారు. ఆవిడ టీవీ రిమోటు కూడా రెండు వేళ్లతో పట్టుకుని పక్కవాళ్లకి అందించే మనిషి.

పదకొండింటికి ఆటల్ని ఊరూరా పంపిణీ చేసే పెద్దమనిషి వస్తున్నాడు. ఈలోగా "మూడో స్థానం" వచ్చిందని కాగితం మీద యజమాని సంతకం పడితే తక్కెడ లెక్కతోనే ఆట బయటికి వెళుతుంది. పడకపోతే యజమాని బావమరిది పథకం అమలవుతుంది. అతని పథకంలో అప్‌గ్రేడ్లు ఎక్కువ చేసుకున్నవాడే గెలుస్తాడు, స్టీరింగు ఎటు తిప్పినా సరే. అప్పుడు తక్కెడ ఎనిమిది నెలల లెక్క చెత్తబుట్టలోకి, తక్కెడేమో టైరు శబ్దాల గదిలోకి పోతుంది. ఆ గదిలో కూర్చుని పాత చెప్పుల్ని తడి గచ్చు మీద రుద్దుతూ, ఆ కీచుచప్పుడు మైకులో పట్టాలి. ఇన్నాళ్లూ రుద్దిన పెద్దాయన మోకాళ్లు అరిగి, పోయిన వారమే మానేశాడు. పోతూపోతూ, "మూడేళ్లు అరిగిన చెప్పయితేనే టైరులా కీచుమంటుంది, కొత్తది ఎంత రుద్దినా పలకదు" అని తన అనుభవసారం తక్కెడ చెవిన వేసి వెళ్లాడు.

"అత్తయ్యా, ఇవాళ నాతో ఆఫీసుకి రావాలి. కారు నడపాలి," అంది తక్కెడ, పొద్దున కాఫీ ఇస్తూ.

"నాకు సైకిలే రాదు కదే."

"నిజం కారు కాదండీ. తెర మీద బొమ్మ."

"బొమ్మయితే మాత్రం? కారంటేనే నాకు నడుం పట్టేస్తుంది," అని ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని, చంకలో ఒక దిండు పెట్టుకుని బయల్దేరింది.

ఆఫీసులో పెద్ద తెర ముందు కుర్చీ వేశారు. అత్తగారు దిండు సర్దుకుని కూర్చుంది. యజమాని ఒక పక్క, కాగితం పట్టుకుని. బావమరిది ఇంకో పక్క, కంప్యూటరు ముందు. కొత్తగా ఆడేవాళ్లకి నాలుగు వాక్యాలు మించి చెప్పకూడదన్నది కూడా నియమమే.

"ఇది నొక్కితే ముందుకి. ఇది నొక్కితే ఆగుతుంది. ఇవి రెండూ పక్కలకి. ముందు షెడ్డులోకి వెళ్లి కారుకి కావలసినవి పెట్టించుకోండి," అంది తక్కెడ. ఆ మీదట నోరు కట్టేసుకుంది.

షెడ్డులో ఎడమ గోడకి ఇంజన్లు, టైర్లు, బ్రేకులు ఉంటాయి. ఏదీ మూడు మెట్లకి మించి పెంచడానికి లేదు. కుడి గోడకి బొమ్మలు గీసేవాళ్లు సరదాకి పెట్టిన సీటు గుడ్డలు, గంటలు, హారన్లు, కిటికీ తెరలు. వాటికి లెక్కాపత్రం లేదు, ఎన్నయినా పెట్టుకోవచ్చు. ఈ ఎనిమిది నెలల్లో షెడ్డులోకి వెళ్లిన ప్రతివాళ్లూ ఎడమకే తిరిగారు. కుడి గోడ వైపు చూసిన పాపాన పోలేదు.

అత్తగారు కుడికి తిరిగింది.

"ఉన్న ఇంజను బాగానే ఉందిగా. ఈ సీటు చూడు ముందు, గోనెపట్టలా ఉంది," అంటూ సీటు గుడ్డ మార్చింది. తెర మూలన 'పోటీ బలం' అన్నచోట ఒకటి అంకె పడింది. ముందువైపు ఒక గంట వేలాడదీసింది. రెండు. అది సరిపోలేదని అంతకన్నా పొడుగాటి గంట, ముందుకి పొడుచుకొచ్చేట్టు తగిలించింది. మూడు.

ఏడో అంకె దగ్గర తక్కెడ తెర వైపు ఒంగి చూసింది. తను చేసిన పని అప్పుడు తెలిసొచ్చింది. ఆడేవాళ్లు ఒక వస్తువు తీసుకున్నప్పుడల్లా పోటీ కార్ల ఇంజను ఒక మెట్టు పెరగాలని రాసింది గానీ, ఆ వస్తువు ఇంజనా, గంటా అని అడగమని రాయలేదు. నోరు తెరవబోయింది. బావమరిది నాలుగు వేళ్లు చూపించాడు. నాలుగు వాక్యాలూ అయిపోయాయి.

"అమ్మాయ్, నీలం తెరలు కట్టనా, ఆకుపచ్చవి కట్టనా?" అంది అత్తగారు.

తక్కెడ పలకలేదు.

"బెల్లం కొట్టిన రాయిలా నిలబడతావేం? పొద్దున లేపి తీసుకొచ్చింది నువ్వే. సరే, రెండూ కడతా."

అలా కోడలు పలకని ప్రతిసారీ ఆవిడ రెండేసి తీసుకుంది. షెడ్డులోంచి బయటికొచ్చేసరికి కారు కదిలే పట్టుచీరల దుకాణంలా ఉంది. మూలన అంకె ఇరవై మూడు.

పందెం మొదలైంది. పోటీ కార్లు ఐదూ ఒక్క చప్పుడుతో మాయమయ్యాయి. ఇరవై మూడు మెట్లు పెరిగిన ఇంజన్లకి మామూలు టైర్లు ఏం ఆగుతాయి. మొదటి మలుపు కుడికి తిరిగింది, కార్లు తిరగలేదు. ఒకటి ప్రకటన బోర్డు చీల్చుకుని పోయింది. రెండు సముద్రం బొమ్మలో పడ్డాయి. ఒకటి కొండకి తలకిందులుగా అతుక్కుంది. నల్ల కారొకటి మబ్బుల్లోకి పోయి అక్కడే గిరగిరా తిరగసాగింది.

అత్తగారు మలుపు దగ్గరకొచ్చి కారాపేసింది. "అయ్యో, పాపం. ఎవరైనా చూశారా వీళ్లని? దిగాలంటే ఏది నొక్కాలే?"

తక్కెడ పైట కొంగు నోట్లో కుక్కుకుంది. దిగడానికి మీట లేదు. అత్తగారు సాయం కోసం హారను కొట్టింది. తీసుకున్న ఐదు హారన్లూ ఒక్కసారే మోగాయి. కింద పళ్ల డాక్టరుగారి దగ్గర ఎవరో కెవ్వుమన్నారు.

యజమాని గడియారం చూసుకున్నాడు. పదీ ఇరవై. "ఇలా అయితే ఆవిడ తెల్లారినా కదలదు. ఆ కార్లని రోడ్డు మీదకి తీసుకురావయ్యా," అన్నాడు బావమరిదితో.

బావమరిది తెచ్చి పెట్టాడు. కార్లు మళ్లీ ఎగిరిపోయాయి, ఈసారి జతలుగా.

"బ్రేకులు పెంచు."

"ఎంత పెంచమంటారు బావగారూ?"

"ఇంజను ఎంత పెరిగిందో అంత."

బావమరిది బ్రేకులూ ఇరవై మూడు మెట్లు పెంచి, కార్లని అత్తగారి కారు వెనకాల తెచ్చి పెట్టాడు. కార్లు రోడ్డు మీదే నిలిచాయి, నిజమే. కానీ ముందు కారు కనబడితే బ్రేకు వెయ్యడం వాటి స్వభావం. అత్తగారు ముందు పాతిక వేగంతో గంట ఊపుకుంటూ పోతుంటే, వెనకాల ఐదు కార్లూ గంతువేసి ఆగి, గంతువేసి ఆగి, కప్పల బారులా రాసాగాయి.

బావమరిది మొహం విప్పారింది. "మొదటి స్థానమే బావగారూ. అడ్డం లేదు, పోటీ లేదు. ఆట మరీ తేలిక. నా పథకం తీసుకోండి, ఇక ఆ కాగితం ఎందుకూ, చించెయ్యండి."

యజమాని కాగితాన్ని చించడానికి రెండు చేతులా పట్టుకున్నాడు. తక్కెడకి తడి గచ్చు కళ్లముందు కనబడింది. సరిగ్గా అప్పుడే తలుపు తీసుకుని పంపిణీ పెద్దమనిషి అరగంట ముందుగా వచ్చేశాడు. ఎవరినీ పలకరించకుండా గోడకి ఆనుకుని తెర వైపు చూడసాగాడు.

గీత ఇంకో ఇరవై గజాలుందనగా అత్తగారు అద్దంలోకి చూసింది. కారుని పక్కకి తీసి ఆపింది.

"ఏమైంది పెద్దమ్మగారూ? గీత దాటెయ్యండి, అదిగో," అన్నాడు బావమరిది కంగారుగా.

"వెనకాల ఇంతమంది పడిగాపులు పడుతున్నారు నాయనా. వాళ్లకేం పనులున్నాయో ఏమో. పోనీండి పాపం."

పసుపు కారు వెళ్లింది. నీలం కారు వెళ్లింది. రెండూ గీత దాటేశాయి. నల్ల కారు మాత్రం వస్తూ వస్తూ అత్తగారి కారుని రాసుకుంది. పక్క కిటికీకి కట్టిన ఆకుపచ్చ తెర నలిగి వేలాడింది.

అత్తగారు కళ్లజోడు సవరించుకుంది. "దారి ఇస్తుంటే తెర నలుపుతాడా వీడు? వీడు నన్ను దాటి ఎలా పోతాడో నేనూ చూస్తా."

ఆ తర్వాతి ఇరవై గజాలూ ఆ గదిలో ఎవరూ ఊపిరి తీసుకోలేదు. నల్ల కారు ఎడమకి వస్తే అత్తగారు ఎడమకి. కుడికి పోతే కుడికి. కారు ఎటు ఒరిగితే ఆవిడా అటు ఒరిగింది, దిండు జారి కిందపడింది. ఐదు హారన్లూ ఆపకుండా మోగాయి. గీత దగ్గరకొచ్చేసరికి రెండు కార్ల మూతులూ సమానంగా ఉన్నాయి. అత్తగారి కారుకి మాత్రం ముందు ఒక పొడుగాటి గంట ఉంది. ఆ గంట పొడుగంత తేడాతో ఆవిడ నల్ల కారుని ఓడించింది.

తెర మీద పెద్ద అక్షరాల్లో 'మూడో స్థానం' అని పడింది.

అత్తగారు వెనక్కి తిరిగింది. మొహమంతా చెమట. "ఆ నల్ల కారువాడు రేపు కూడా వస్తాడా?"

యజమాని కాగితం మీద సంతకం చేశాడు. తక్కెడ అప్పటికైనా ఊరుకోవచ్చు. కానీ తప్పుడు లెక్క మీద పడిన సంతకం ఆమెకి మింగుడు పడలేదు.

"సార్, లెక్కలో తప్పుంది. గంటల్నీ తెరల్నీ కూడా ఇంజన్ల కిందే లెక్కేశాను," అంది.

యజమాని కళ్లు మూసుకున్నాడు. పంపిణీ పెద్దమనిషి మొదటిసారి నోరు విప్పాడు. "ఆ తప్పు చేసిందెవరు?"

"ఆవిడేనండి," అన్నాడు బావమరిది, ఒక్క క్షణం ఆలస్యం చెయ్యకుండా. "మొత్తం ఆవిడదే. నా చెయ్యి ఇసుమంతైనా లేదు. కావాలంటే రాసిస్తాను."

"రాసివ్వండి."

బావమరిది రాసిచ్చి సంతకం పెట్టాడు. పెద్దమనిషి దాన్ని చదువుకుని, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. "నలభై ఆటలు చూశాను ఇన్నేళ్లలో. ఇంజను పెంచుకుని గెలవమనేవే అన్నీ. సోకుకి పోతే పోటీ పెరిగే ఆట ఇదే చూడటం. ఇది అలాగే ఉంచండి. వచ్చే ఆట లెక్క కూడా ఈ అమ్మాయే చెయ్యాలి. ఆయన తన చెయ్యి ఇందులో లేదన్నాడు కాబట్టి, ఇకముందు కూడా లేకుండా చూడండి." ఇంతా చెప్పి, అత్తగారి పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అమ్మా, నీలం తెరలు ఏ వరసలో ఉన్నాయి?"

"కింది వరసలో. నల్ల కారువాడితో జాగ్రత్త నాయనా," అంది అత్తగారు.

యజమాని బావమరిదిని వరండాలోకి పిలిచి, భుజం మీద చెయ్యి వేశాడు. ఖాళీగా ఉన్న కుర్చీ ఆఫీసు మొత్తానికి ఒకటే. "మీ అక్కకి నేను చెప్పుకుంటాలే," అన్నాడు.

మర్నాడు బావమరిది టైరు శబ్దాల గదిలో చేరాడు, కొత్త చెప్పులు కొనుక్కుని మరీ.