రోడ్డెక్కిన బొమ్మల పుస్తకం

నేను బీరకాయల చెక్కు తీస్తుంటే పట్టాభి బాబాయ్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"చిన్మయీ! ఈ కలకత్తా మహానగరంలో నేరాన్ని పసిగట్టగల మెదడు ఒక్కటే ఉంది. అదిప్పుడు నీ ముందు నిలబడింది!"

బ్యాంకు బదిలీ మీద గుంటూరు నుంచి భవానీపూర్‌లో మా ఇంటికొచ్చి రెండు వారాలు. బెంగాలీ రాదు. రాదన్న సంగతి ఆయనకి తెలియదు.

మా పెద్దమ్మ లలితాంబ పిల్లల పాత బొమ్మల పుస్తకాలు సేకరిస్తుంది. వాటిలో డెబ్బై ఏళ్ళ నాటి మొదటి ముద్రణ, ఒక్క రంగుల బొమ్మ కూడా చిరగనిది, పొద్దున్నుంచి అలమారలో లేదు. అలమార తుడిచేది పనిమనిషి మినతి.

"దాన్నే అడిగేస్తే పోద్ది కదేటి?" అంది పెద్దమ్మ.

"వద్దొదినా! దొంగ జాగ్రత్తపడుతుంది. విచారణ నాకొదిలేయండి."

మినతిని వంటింట్లోకి పిలిచి తలుపేసుకున్నాడు. రెండు నిమిషాల్లో గెలిచిన మొహంతో బయటికొచ్చాడు.

"ఒప్పేసుకుంది! పుస్తకం రోడ్డు మీద ఇచ్చేసిందట. దీని వెనక అంతర్జాతీయ ముఠా ఉంది!"

పెద్దమ్మ కుర్చీలో కూలబడింది. "పదేళ్ళు నమ్మేను. సాయంత్రంతో మానేసి పొమ్మను. దాని మొహం చూడలేను."

మినతి ఏదో చెప్పబోయింది.

"నిందితురాలు నోరు విప్పరాదు!" అన్నాడు బాబాయ్.

"అది కాదు బాబాయ్..." అన్నాను.

"నువ్వు బీరకాయ చూసుకో."

రోడ్డు మీది ముఠాని దుర్భిణితో పట్టేస్తానని డాబా ఎక్కాడు. కాసేపటికి పైన ఏదో ధబ్బున పడింది. అందరం పరిగెత్తాం. కాలు జారి బట్టల తాడు పట్టుకున్నాడట. తాడు తెగి పెద్దమ్మ చీరలన్నీ ఆయన మీద ఉన్నాయి. చీరల చాటున ఇప్పటిదాకా కనపడని చాప, చాప మీద వేపాకుల మధ్య తెరిచిపెట్టిన పుస్తకం.

"బోయి రోదే దియేఛి, మాసీమా," అంది మినతి. కళ్ళు తుడుచుకుంటూనే.

"ఓరి నాయనో!" పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది. "రోదే అంటే రోడ్డు కాదు, ఎండ! పుస్తకం ఎండలో పెట్టానంటోంది. వానలకి చెమ్మపట్టిన పుస్తకాల్ని భాద్రపదంలో ఎండేస్తారిక్కడ. నా పుస్తకానికి బూజు పట్టకుండా కాపాడింది గదా!"

చీరల్లోంచి తల బయటపెట్టి, "చూశారా వదినా, కేసు ఛేదించాను," అన్నాడు బాబాయ్.

పెద్దమ్మ మినతి చెయ్యి పట్టుకుని, తప్పు తనదేననీ రేపు రాకుండా ఉండొద్దనీ బెంగాలీలో బతిమాలింది. మినతి తలూపి కిందికెళ్ళి అందరికీ టీ పెట్టింది. మొదటి కప్పు బాబాయ్‌కే తెచ్చింది.

"చా, దాదా," అంది మర్యాదగా.

టీ అని ఆమె బెంగాలీలో చెప్పిన మాట ఆయనకి "ఛా!" అని వినపడింది. తల వంచుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా బయటికి వెళ్ళిపోయాడు.