దొర మెడపట్టీ

నాగరికత అంటే మరేం కాదు, కుక్క పెరట్లో గడిపే సమయానికీ, గొలుసుతో వీధిలో నడిచే సమయానికీ మధ్య కుదిరే సమతుల్యం. ఈ సత్యం బోధపడగానే ప్రభుత్వం దానికొక శాఖను, శాఖకొక యాప్‌ను, యాప్‌కొక మెడపట్టీని ప్రసాదించింది. కుక్క పెరట్లోనే ఉండిపోతే పట్టీ ఎర్రగా, వీధిలో నడిస్తే పచ్చగా వెలుగుతుంది. ఎరుపు ముదిరితే కుక్కను శాఖవారి సంరక్షణాలయానికి తరలిస్తారు. (అక్కడ పెరడూ లేదు, వీధీ లేదు. కాబట్టి సమతుల్యం చెడే ప్రసక్తే లేదు.)

బీమా ఏజెంటు ఇంట్లో కుక్క పేరు దొర. దాన్ని తిప్పే తీరిక ఏజెంటుకు లేదు. మందుల షాపు నడిపే భార్యకు అసలే లేదు. దొర గొలుసు నోట కరుచుకుని గేటు దగ్గర నిలబడి నిలబడి పడుకునేది. చివరికి తుది హెచ్చరిక వచ్చింది.

"ఏమండీ, దొరని పట్టుకుపోతారట!"

"నువ్వు తిప్పకూడదూ?"

"అయితే షాపులో మీరు కూర్చోండి."

ఏజెంటు గుమ్మం వైపు చూశాడు. అప్పుడే అతని తండ్రి చెప్పులు వేసుకుంటున్నాడు. రిటైరైన బస్సు డ్రైవరు. రోజూ పొద్దున ఒంటరిగా నడిచొస్తాడు. భుజం నొప్పి వల్ల గొలుసు పట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. పట్టీ గురించి డాక్టరు ఏమీ చెప్పలేదు.

"నాన్నా, దొర పట్టీ జేబులో వేసుకెళ్లు."

"నువ్వూ రారా, కబుర్లు చెప్పుకుంటూ వెళ్దాం."

"క్లయింటు ఫోనుంది నాన్నా."

పట్టీ పచ్చబడింది. 'దొరగారి నడక నిదానం, క్రమశిక్షణ అమోఘం' అని యాప్ మెచ్చుకుంది. (పార్కు బెంచీ మీద కూర్చోవడం తగ్గించాలని సున్నితంగా మందలించింది కూడా.) నెల తిరక్కుండానే 'ఆదర్శ శునకం' బిరుదు ప్రకటించింది.

పతకంతో సమతుల్యాధికారి స్వయంగా వచ్చాడు, బండితో సహా. పెరట్లో దొర ఉంది. మెడలో పట్టీ లేదు.

"ఈ కుక్కెవరిది?"

"మాదేనండీ. ఇదే దొర," అంది భార్య.

అధికారి ఫోను చూశాడు. "దొర ఇప్పుడు పార్కు మలుపులో ఉంది మేడమ్. యాప్ అబద్ధమాడదు. ఇది ఊరూపేరూ లేని కుక్క. ఎక్కించండి!"

సిబ్బంది దొర నడుం పట్టారు. సరిగ్గా అప్పుడే గేటు కిర్రుమంది. 'దొర ఇల్లు చేరింది' అంటూ అధికారి ఫోను గణగణ మోగింది. లోపలికొచ్చిన పెద్దాయన్ని అతను పైనుంచి కింది దాకా చూసి, నిబంధన ప్రకారం పతకం ఆయన మెడలో వేశాడు.

దొర అప్పటికే సగం బండిలో ఉంది. కోడలు ఏడుస్తోంది. పెద్దాయన పతకం సర్దుకున్నాడు.

"బాబూ, ఆదర్శ శునకానికి తోడుగా ఇంకో కుక్కను ఉంచుకోవచ్చా?"

అధికారి నిబంధనలు తిరగేశాడు. "ఒకదాన్ని ఉంచుకోవచ్చు. కానీ మీరిలా ఒంటరిగా వీధిలో తిరగడం నేరం. ఇంటివాళ్లెవరో ఒకరు రోజూ దగ్గరుండి నడిపించాలి. లేదంటే ఇద్దర్నీ తీసుకెళ్లిపోతాం."

మర్నాటి నుంచి ఏజెంటు ఒక చేత్తో దొర గొలుసు, మరో చేత్తో తండ్రి చెయ్యి పట్టుకుని నడుస్తున్నాడు. బెంచీ దగ్గర ముగ్గురూ ఆగుతున్నారు.

"నీ పని పాడవుతోందేమోరా?"

"ఏం చేస్తాం నాన్నా, రూలు."

యాప్‌లో పౌరుల సూచనలు రాసేచోట పెద్దాయన ఒకటే రాశాడు: 'అయ్యా, దయచేసి ఈ రూలు ఎత్తెయ్యకండి.'