కమలమ్మాళ్ చీర మాయమైన శనివారం

"అంతోణీ, గుర్తు పెట్టుకో! ఇక్కడి నుంచి తూత్తుకుడి సముద్రం దాకా, నేరాన్ని ముక్కుతో పసిగట్టే మొనగాడు ఒక్కడే ఉండాడు. ఆ ఒక్కడు ఇప్పుడు నీ ముందర నిలబడి ఉండాడు!"

అంతోణికి ఆ మొనగాడు సరిగ్గా కనిపించలేదు. తను ముక్కాలి పీట ఎక్కి, ఒక చేత్తో దూలం పట్టుకుని, రెండో చేత్తో ఉయ్యాల కొక్కెం బిగిస్తున్నాడు. పళ్ళ మధ్య రెండు మేకులు కూడా ఉన్నాయి.

"నిలబడితే చాలదు మాప్ళే. పీట ఊగతా ఉండాది, పట్టుకో," అన్నాడు మేకుల సందులోంచి. స్నేహితుణ్ణి చనువుగా మాప్ళే, అంటే అల్లుడూ, అని పిలవడం అతని అలవాటు.

ఇసక్కిరాజా పీట పట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని గదిలో అటూ ఇటూ పచార్లు చేశాడు. పగలు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని, మిగతా వేళల్లో అపరాధ పరిశోధన, ఇదీ అతని జీవితం. తమిళనాట కోవిల్‌పట్టిలో అతను చేపట్టిన కేసులు ఇప్పటికి నాలుగు. తప్పిపోయిన మేక కేసులో మేక సాయంత్రానికి తనంతట తానే ఇల్లు చేరింది. పోయిన సైకిల్ కేసులో, పోయిందన్న ఆ సైకిలే ఎక్కి ఊరంతా వెతికాడు. తక్కిన రెండింటి గురించి అంతోణి ఎవరితోనూ మాట్లాడడు. స్నేహం అన్నాక కొన్ని కడుపులో దాచుకోవాలి.

ఇరవై ఎనిమిది రోజుల కిందట ఇసక్కిరాజా భార్య సెల్వలక్ష్మి విరుదునగర్‌లో పుట్టింట ఆడపిల్లను కన్నది. రేపు, ఆదివారం పొద్దున పది గంటలకు, తల్లీబిడ్డా ఈ ఇంటికి వస్తున్నారు. అంతోణి ముగ్గురు పిల్లల తండ్రి. వారం రోజులుగా ఫ్యాక్టరీ పని ముగియగానే ఇక్కడికొచ్చి ఇంటిని పసిబిడ్డకు తగ్గట్టు మారుస్తున్నాడు. కిటికీలకు దోమల వల కొట్టాడు. వేలాడే వైర్లను గోడకు బిగించాడు. నీళ్ళ తొట్టి కడిగాడు. బీరువా వెనకాల కాపురమున్న బల్లిని మర్యాదగా బయటికి సాగనంపాడు.

ఈ ఏర్పాట్లలో ఇసక్కిరాజా వంతు భద్రత. ఆగంతకులెవరొచ్చినా మోగేట్టు గడపకు అడ్డంగా తాడు కట్టి ఖాళీ డబ్బాలు వేలాడదీశాడు. ఇంతవరకు ఆ తాడు తట్టుకుని పడింది అతనొక్కడే, నాలుగుసార్లు. బిడ్డను చూడ్డానికి వచ్చేవాళ్ళ కోసం ఒక రిజిస్టరు తెరిచి, ఎడమచేతి బొటనవేలి ముద్రకు వేరే గడి గీశాడు. పక్కింటి కరుప్పాయి మునగాకు ఇచ్చిపోదామని వస్తే ముద్ర వెయ్యమన్నాడు. ఆమె మునగాకుతో సహా వెనక్కి వెళ్ళిపోయింది.

"కొక్కెం అయింది," అంటూ అంతోణి దిగాడు. "ఇంగ చీర ఎత్తుకొని రా. ముడి ఎంత పొడుగు రావాలో చూస్తాము."

ఇసక్కిరాజా లోపలి గదిలోకి వెళ్ళాడు. ట్రంకుపెట్టె మూత చప్పుడైంది. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తన స్నేహితుడు అంతసేపు మాట్లాడకుండా ఉండటం అంతోణి ఎన్నడూ ఎరగడు. కంగారుగా లోపలికి వెళ్ళి చూశాడు. పెట్టె అడుగున నాలుగు ఎండు వేపాకులు తప్ప ఏమీ లేవు.

"అమ్మ చీర లేదురా," అన్నాడు ఇసక్కిరాజా. అది డిటెక్టివ్ గొంతు కాదు.

ఆ చీర సంగతి అంతోణికి తెలుసు. ఇసక్కిరాజా తల్లి కమలమ్మాళ్ మగ్గం మీద తన చేత్తో నేసుకున్న నూలుచీర అది. ఆకుపచ్చ రంగు, ఎర్ర అంచు, ఉతికి ఉతికి మెత్తబడిపోయింది. ఇసక్కిరాజాను ఊపింది ఆ చీరలోనే. మనవరాలిని చూడకుండానే ఆమె పోయినేడు కన్నుమూసింది. కొత్త ఉయ్యాల కొనిస్తామని చుట్టాలంటే సెల్వలక్ష్మి ఒప్పుకోలేదు. "మా అత్త ఒళ్ళో పండుకునే భాగ్యం నా బిడ్డకి లేదు. అత్త చీరలోనన్నా పండుకోవాల. నేను వచ్చేసరికి ఆ చీర కట్టి లేదంటే వచ్చిన బస్సులోనే తిరిగి పోతాను," అన్నది. ఆమె అన్నదంటే చేసి తీరుతుంది.

"చిన్నత్తాయి అత్త యాడన్నా ఎత్తి పెట్టి ఉంటాదేమో," అన్నాడు అంతోణి. చిన్నత్తాయి ఇసక్కిరాజా మేనత్త. ఇంటి పెత్తనమంతా ఆమెదే. పుదూరులో చుట్టాలను చూసి శనివారం సాయంత్రానికి వస్తానని గురువారం వెళ్ళింది. ఫోనంటే ఆమెకు గిట్టదు కాబట్టి అడిగే దారి లేదు.

ఇసక్కిరాజా కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి వాటిలో ఒక వెలుగు వచ్చేసింది. అంతోణికి ఆ వెలుగంటే భయం.

"ఎవరూ అడుగు కదపకూడదు! నేరస్థుడు ఎంత తెలివైనోడైనా ఒక ఆధారం వదలకుండా పోడు!"

భూతద్దం తీసి, అరగంట సేపు ఇల్లంతా మోకాళ్ళ మీద పాకాడు. ఒక తలపిన్నూ, సగం కొరికిన కడలమిఠాయీ, అంటే వేరుశెనగ పట్టీ, దొరికాయి. రెండో ఆధారాన్ని ఆలోచనలో పడి తినేశాడు. ఆఖరికి వంటింట్లో నుంచి పొలికేక వినిపించింది.

"అంతోణీ! ఇదేమి?"

"బేసిన్, మాప్ళే. బిడ్డకి నీళ్ళు పోసేదానికి."

"కొత్తది! పోయిన వారం ఇది ఈ ఇంట్లో లేదు. యాడనుంచి వచ్చింది?"

"అత్త పాత తుణులు వేసి పాత్తిరాలాయన కాడ తీసుకొని ఉంటాది," అన్నాడు అంతోణి. అనేశాక నాలిక కరుచుకున్నాడు.

పాత్తిరాలాయన అంటే పొన్నుసామి. మోపెడ్ మీద వీధి వీధీ తిరిగి, పాత బట్టలు తీసుకుని గిన్నెలూ బేసిన్లూ ఇస్తాడు.

"అదీ సంగతి!" ఇసక్కిరాజా బేసిన్‌ను ధనామని కొట్టాడు. "అత్తకి కండ్లు సరిగా తెలీవు. అమ్మ చీరను పాతగుడ్డ అనుకొని పొన్నుసామికి వేసేసింది. తప్పు తెలిసినాక పుదూరుకి పరారీ!"

ఇంతకాలంలో మొదటిసారి అతని మాట అంతోణికి నిజమే అనిపించింది. అందుకే ఎక్కువ దిగులు వేసింది. "సెల్వలక్ష్మికి ఒక మాట చెప్పేస్తే..." అనబోయాడు.

"చెప్పినావంటే నన్ను మరిచిపో!"

పొన్నుసామి శనివారాల్లో విరుదునగర్ వెళ్ళి బట్టలు గోడౌనుకు వేస్తాడని కరుప్పాయి చెప్పింది. గోడ అవతలి నుంచే చెప్పింది, బొటనవేలు కొంగులో దాచుకుని.

సెల్వలక్ష్మి పుట్టింటి ఊరు కాబట్టి మారువేషం తప్పదన్నాడు ఇసక్కిరాజా. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని తలకు తువ్వాలు చుట్టాడు. బస్సు ఎక్కగానే కండక్టరు, "ఏం ఇసక్కి, ఎండ దెబ్బా?" అని తమిళంలో పలకరించాడు. సాత్తూరులో వెళ్ళరి పింజెలు, అంటే లేత దోసకాయలు, అమ్మే ఆమె కిటికీ దగ్గరికొస్తే, శత్రువుల మనిషి అని అటు చూడొద్దన్నాడు. బస్సు కదిలేలోపు తనే నాలుగు కొనుక్కుని తిన్నాడు. ఐదోది మాత్రం కొరకలేదు. చేతిలో పట్టుకుని బయటికి చూస్తూ కూర్చున్నాడు.

"దొరకలేదంటే నా బిడ్డకి మా అమ్మది అని చూపించేదానికి ఏమీ లేదురా," అన్నాడు.

అంతోణి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

విరుదునగర్ బస్టాండు వెనక సందులో పొన్నుసామి మూటలు విప్పుకుని బట్టలు ఏరుతున్నాడు. ఇసక్కిరాజా నేరుగా వెళ్ళి నల్లకళ్ళద్దాలు తీశాడు.

"ఆట ముగిసింది, పొన్నుసామీ!"

"ఏమి సామీ, నీకి ఏమి కావాల?"

"నాకి కావాల్సింది నిజం!"

"అది నా కాడ లేదు. ఎవర్‌సిల్వర్ గిన్నెలు ఉండాయి."

ఇసక్కిరాజా మూటల మీద పడ్డాడు. పంచెలు, కర్టెన్లు, స్కూలు నిక్కర్లు, ఎవరిదో పెళ్ళినాటి చొక్కా గాల్లోకి లేచాయి. చీర లేదు. ఆఖరి మూట అడుగున చెయ్యి పెట్టి, ఒక బరువైన గోధుమరంగు కోటు బయటికి లాగాడు. లాగి, అలాగే కొయ్యబారిపోయాడు. పరిశోధనల కోసమని టైలరు దగ్గర ప్రత్యేకంగా కుట్టించుకుని, కోవిల్‌పట్టి ఎండకు రెండుసార్లకు మించి వేసుకోలేకపోయిన కోటు అది.

"ఇది... నాది!"

"చిన్నత్తాయమ్మ వేసింది. మంచి బరువు ఉండాదని పెద్ద బేసిన్‌గా చూసి ఇస్తిని," అన్నాడు పొన్నుసామి.

అంతోణి గోడ వైపు తిరిగిపోయాడు. నవ్వు ఆపుకోలేక అతని భుజాలు అదురుతున్నాయి. ఇసక్కిరాజా కోటు తొడుక్కుని, బొత్తాలు పెట్టుకుని నడిచాడు.

"ఏయ్! బేసిన్ తెచ్చి ఇయ్యి, కోటు ఎత్తుకొని పో! దొంగ! దొంగ!"

దొంగ అనే మాట వినగానే ఇసక్కిరాజాలో పరిశోధకుడు మేలుకున్నాడు. "యాడ? యాడ దొంగ?" అంటూ గిర్రున తిరిగాడు. సందులో ఉన్నవాళ్ళంతా తన వైపే చూస్తున్నారు. సంగతి అర్థమై కాలికి బుద్ధి చెప్పాడు.

మిట్టమధ్యాహ్నం కోటుతో పరిగెత్తే మనిషిని విరుదునగర్ అంతకుముందు చూసినట్టు లేదు. టీకొట్టు వాళ్ళు లేచారు, మగ్గాల వీధిలో పనివాళ్ళు బయటికొచ్చారు. వెనకాల పొన్నుసామి, అతని వెనకాల ఆయాసపడుతూ అంతోణి. రెండో మలుపులో తలుపు తీసి ఉన్న ఇల్లు కనిపిస్తే ఇసక్కిరాజా కన్నూమిన్నూ కానక లోపలికి దూరాడు. టక్కుమని ఒక చప్పుడు, ఆ వెంటనే పసివాడి ఏడుపు.

అంతోణి గడపలో ఆగిపోయాడు. ఇంటి నడుమ చీర ఉయ్యాల ఊగుతోంది. ఆకుపచ్చ రంగు, ఎర్ర అంచు. అందులో ఒక బొద్దు పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఉయ్యాలకు అడ్డంగా పెట్టిన కర్ర తగిలి ఇసక్కిరాజా నుదురు పట్టుకుని నేల మీద కూలబడి ఉన్నాడు. పక్కనే వక్కాకు నములుతూ చిన్నత్తాయి అత్త కూర్చుని ఉంది.

"దొరికింది," అన్నాడు ఇసక్కిరాజా గాల్లోకి చూస్తూ. "దొంగ కూడా దొరికింది."

"నోరు ముయ్యి! ఇప్పుడే నిద్రపోయిన బిడ్డను లేపితివి గదరా!" అత్త లేచి ముందు పిల్లాడిని ఎత్తుకుంది. తర్వాత మేనల్లుడి ఒంటి మీది కోటు ఊడబెరికి, గుమ్మంలోకి వచ్చిన పొన్నుసామి చేతిలో పెట్టింది. "బేసిన్ మాది, కోటు నీది. పోయి రా నాయనా."

ఆ ఇల్లు అత్త చిన్ననాటి స్నేహితురాలు సెల్లత్తాయిది. పిల్లాడు ఆమె కూతురు కలైసెల్వి కొడుకు. ఎనిమిది నెలలవాడు, వీధిలోకెల్లా గట్టిపిండం.

"నువ్వు పుదూరు అని చెప్పితివి!" అన్నాడు ఇసక్కిరాజా.

"నిజం చెప్పితే ఊరంతా చాటుతావు గదా. సోమవారం నువ్వేమి చేస్తివి? చెప్పు!"

"ఏమీ చెయ్యలేదు."

"దూలానికి తాడేసి, మీ అమ్మ చీర కట్టి, ఖాళీ ఉయ్యాల ఊపలేదా? వంటింట్లో నుంచి నా కండ్లతో చూసినాను."

"అది బలపరీక్ష అత్తా. శాస్త్రప్రకారం..."

"ఖాళీ ఉయ్యాల ఊపితే బిడ్డకి కడుపునొప్పి వస్తాదని తెలీదా నీకి? నెల బిడ్డ వచ్చే ఇంట్లో, కన్న తండ్రే ఊపితే నేను ఎట్ల ఊరికే ఉండేది? బాగా పెరిగే బిడ్డను మూడు రోజులు దాంట్లో పండబెట్టితే దోషం పోతాది. ఊపినోడికి తెలియకూడదు. అందుకే ఎత్తుకొని వస్తిని. సాయంత్రం బస్సుకి నేనే తెస్తా ఉంటిని గదరా!"

అంతోణి మనసులోనే లెక్క వేసుకున్నాడు. ఇంట్లో కాఫీ తాగుతూ కూర్చుని ఉంటే చీర దానంతట అదే వచ్చేది. ఆ మాట పైకి అనకుండా ఆపుకోవడం ఆ రోజు అతను చేసిన పనులన్నిటిలోకీ కష్టమైంది.

"అయినా కేసు తేలింది," అన్నాడు ఇసక్కిరాజా మెల్లగా. "నేరస్థుడు నేనే."

లేచి చీరను రెండు చేతులతో పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అతని మొహం మారిపోయింది. "అమ్మ వాసన పోయింది, అత్తా. అప్పుడప్పుడు పెట్టె తెరిచి చూసుకుంటా ఉంటిని. ఇప్పుడు వీడి పాల వాసనే వస్తా ఉండాది."

ఆ సంగతి అంతోణికి కూడా తెలియదు. ఇన్నేళ్ళ స్నేహితుడి మీద అతనికి ఉన్నట్టుండి చెప్పలేనంత జాలి కలిగింది.

అత్త పిల్లాడిని సెల్లత్తాయికిచ్చి మేనల్లుడి దగ్గరికొచ్చింది. ఈసారి గొంతు పెంచలేదు. "నువ్వు పుట్టేటప్పుడు మీ నాయన కూడా ఇట్లనే ఖాళీ ఉయ్యాల ఊపినాడు. మీ అమ్మ ఆయనకి తెలియకుండా ఇదే చీరను ఎత్తిచ్చి, నన్ను ఇదే ఇంటికి పంపింది. కలైసెల్వి వాళ్ళన్న అప్పుడు పసిబిడ్డ. వాడు మూడు రోజులు పండుకున్నాకే నిన్ను దీంట్లో వేసింది. మీ అమ్మ చేసిన పనే నేను చేస్తిని, రాజా."

ఇసక్కిరాజా తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. నుదుటి మీద బొప్పికి సెల్లత్తాయి పసుపు పెట్టింది.

ఆదివారం పది కొట్టేసరికి సెల్వలక్ష్మి ఆటో దిగింది. డబ్బాల తాడును అంతోణి తెల్లవారకముందే విప్పి పారేశాడు. ఆమె గడప దాటుతూనే దూలం వైపు చూసింది. ఆకుపచ్చ చీర కట్టి ఉంది. ఆమె కళ్ళు నిండాయి. బిడ్డను మెల్లగా అందులో పండబెట్టింది.

"ఇప్పుడు ఊపు," అన్నది అత్త.

ఎంతటి నేరస్థుడికీ బెదరనని చెప్పుకునే మనిషి చెయ్యి చాపడానికి భయపడ్డాడు. ఒక్క వేలితో ఊపాడు. బిడ్డ కళ్ళు మూసింది. ముడి జారుతుందేమోనని అనుమానం వచ్చి, ఉయ్యాల కింద దూరి వెల్లకిలా పడుకుని పైకి చూశాడు. సరిగ్గా అప్పుడు చీరలోంచి వెచ్చగా ధార కారి అతని చొక్కా అంతా తడిపేసింది.

సెల్వలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మామా, లేచి వేరే చొక్కా వేసుకో."

"ఉండనీ," అన్నాడు ఇసక్కిరాజా కదలకుండా. "అమ్మ చీరలో నుంచి వచ్చింది."

అలా అంటూనే ఏడ్చేశాడు. అంతోణి గుమ్మంలోనే నిలబడి, కిటికీ వలలో చిరుగేమైనా ఉందేమోనని చాలాసేపు వెతికాడు.