సూదిమొనంత వెలుగు

చొప్పదండి జూనియర్ కాలేజీకి ఆ ఉదయం పదింటికి తనిఖీ అధికారి వస్తున్నాడు. తనిఖీ అంటే ఏడాదంతా లేని శుభ్రం ఒక్క పూటకు అద్దెకు రావడం. ఆయనకు చూపే ప్రయోగం నచ్చితే ఫిజిక్స్ చెప్పే స్తుతి కాంట్రాక్టు మరో ఏడాది సాగుతుంది. లేకుంటే ఇంటికే. అందుకే తొమ్మిదింటికే అన్నీ అమర్చుకుని, అక్కడే అటెండరైన తండ్రి దేవసహాయానికి చూపించింది.

"పెద్ద యంత్రాలల్ల ఎలక్ట్రాన్లు గుంపుగ ఉరుకుతయి బాపూ. మలుపుకాడ వెలుగు చిమ్ముతయి. గా గుంపు ఎంత సన్నమో స్కేలు పెట్టి కొలవరాదు. ఆ వెలుగును రెండు చీలికలల్లకెల్లి పంపితె చారలు పడ్తయి. చారలు తేటగుంటె గుంపు సన్నం, అలుక్కపోతె లావు."

ఇక్కడ ఎలక్ట్రాన్లకు బదులు డబ్బాలో బల్బు, డబ్బాకు సూదిమొనంత బెజ్జం, దాని ముందు రెండు చీలికలు, వాటి వెనక కెమెరా. బయటి వెలుగు పడకుండా అన్నిటి మీదా నల్లగుడ్డ. టీవీ తెర మీద చారలు తేటగా ఉన్నాయి.

ఆమె హాజరు రిజిస్టరులో సంతకం పెట్టడానికి వెళ్లింది. దేవసహాయానికి ఆ వెలుగు నచ్చలేదు. చుట్టం వస్తే చెంచాతో కూర వడ్డించే ఇల్లు కాదు వాళ్లది. పెద్దసారుకు గింతేనా? పత్తి సంచులు కుట్టే దబ్బనం తెచ్చి, గుడ్డ కిందినుంచి బెజ్జంలో మొన తిప్పాడు.

"బాపూ! చారలేమైనయి?" తిరిగొచ్చిన స్తుతి తెర దగ్గరికి ఉరికింది.

"నాకేమెరుక బిడ్డా."

ఆమె అటు తిరిగి కెమెరా తుడిచింది. చారలకు వెలుగు ఇంకా చాలలేదేమోనని దేవసహాయం ఇంకాస్త తిప్పాడు. ఆమె కిటికీలు మూసేలోపు మరికాస్త. ప్రిన్సిపాల్ లింగమూర్తి వచ్చి, "చారలు చూపిస్తమని పైకి రాసిన గదమ్మా!" అని తల పట్టుకున్నాడు. మొబైల్ షాపు ఖయ్యూంను పిలిపిస్తే, "కెమెరా బరాబరుంది మేడం, ఫికర్ చెయ్యకుండ్రి," అని వెళ్లిపోయాడు. ఆ సందట్లో దబ్బనం మొదలుదాకా దిగింది.

అధికారి వచ్చాడు. తెర మీద ఉత్త తెల్లమచ్చ.

"కరెంటు సమస్య సార్," అన్నాడు లింగమూర్తి. పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది.

స్తుతి తెరను చూసింది. చెమట తుడుచుకుంది. "కరెంటు కాదు సార్. కెమెరా మంచిగుంది, చీలికలు మంచిగున్నయి. చారలు పోయినయంటె లోపల బెజ్జమే లావైంది. రెండు మిల్లీమీటర్లకు తక్కువుండది."

అధికారి గుడ్డ తీసి బెజ్జానికి స్కేలు పెట్టాడు. రెండున్నర.

"చూడకుంటనే చెప్పినవా?"

"గదే సార్ ప్రయోగం."

"నేనే పొడిచిన సార్," దేవసహాయం చేతులు కట్టుకున్నాడు. "వెలుగు తక్కువైతె మీకు మర్యాద చెయ్యలే అనుకుంటరని."

అధికారి నవ్వాపుకుని రిపోర్టులో రెండు ముక్కలు రాశాడు. మొదటి దానితో స్తుతి కాంట్రాక్టు సాగింది. రెండో దానితో దేవసహాయం దగ్గరున్న ల్యాబు తాళంచెవి పోయింది.