నాలుగో స్క్రూ

ఆ ఉదయం గుమాస్తా చేయవలసిన పనులు ఇవి: భార్య హెల్మెట్ అద్దం తుడవడం, బండిలో పెట్రోలు పోయించడం, ఆమె కాగితాలన్నీ ఒక కవరులో సర్దడం, ఆమెను వేళకు లైసెన్సు పరీక్ష మైదానానికి చేర్చడం, అక్కడ నోరు మెదపకుండా ఓ మూల నిలబడడం. చివరిది ఆమె ప్రత్యేకంగా చేర్చిన పని. కార్బురేటరు విప్పడమన్నది వీటిలో ఎక్కడా లేదు.

ఆమె నర్సు. ఇళ్లకు వెళ్లి రోగులను చూసుకునే పని ఇస్తామని ఆసుపత్రివాళ్లు మాటిచ్చారు. ఈ నెలలోపు మోటారు సైకిలు లైసెన్సు చూపించాలి, అంతే. నెలలో మిగిలిన పరీక్ష ఇదొక్కటే. తప్పితే ఆ పని వేరొకరికి పోతుంది, ఆమె మళ్లీ వార్డులో రాత్రి డ్యూటీలకు పోతుంది. అందుకే పొద్దున్నే తయారై, పరీక్షలో వేయాల్సిన ఎనిమిది అంకె మలుపులను గాల్లో వేలితో గీసుకుంటూ కాఫీ తాగుతోంది.

బండి స్టార్టు చేసి చూసిన గుమాస్తాకు ఇంజను గొంతు నచ్చలేదు. రేజు తగ్గిస్తే రెండు దగ్గులు దగ్గి ఆగిపోతోంది.

"కార్బురేటరులో చెత్త పేరుకుంది. ఇట్టే శుభ్రం చేసేస్తా."

"వద్దండీ. కాస్త రేజు పట్టుకుంటే నడుస్తుంది. నాకు అలవాటే."

"పరీక్ష మధ్యలో ఆగిపోతే? నీ కోసమేగా చెప్పేది!"

ఈ ఇంట్లో ఆమె కోసం జరిగే పనులన్నీ ఆమె వద్దన్న తర్వాతే మొదలవుతాయి.

కార్బురేటరు అడుగున చిన్న గిన్నె ఉంటుంది. దాన్ని నాలుగు స్క్రూలు పట్టుకుని ఉంటాయి. మూడు బుద్ధిగా వచ్చాయి. నాలుగోది తుప్పుపట్టి బిగుసుకుపోయింది. గుమాస్తా చేతిలోని స్క్రూడ్రైవరు దాని గాడికి ఒక పిసరు చిన్నది. ఇంకొకటి వెతకాలంటే లోపలికి వెళ్లాలి, వెళ్తే భార్య కనబడుతుంది. ఉన్నదానితోనే బలమంతా పెట్టి తిప్పాడు. కర్రుమంది. తిరిగింది స్క్రూ కాదు, స్క్రూడ్రైవరు. ప్లస్ గుర్తులా ఉండాల్సిన గాడి గుండ్రటి గుంటైపోయింది.

ఆ చప్పుడుకు గుమాస్తా నాన్నగారు కళ్లజోడు సవరించుకుంటూ వచ్చారు. రిటైరైన హెడ్మాస్టరు. స్కూల్లో ఉన్నన్నాళ్లూ మేకు కొట్టాలన్నా ప్యూనును పిలిచిన మనిషి.

"లేవరా, నీకు పట్టు తెలీదు. మధ్యలో రబ్బరు బ్యాండు పెట్టి తిప్పాలి."

రబ్బరు బ్యాండు చిన్న ముక్కలై గాడిలో ఇరుక్కుంది. నాన్నగారు లేచి, స్క్రూ కంపెనీవాళ్లను తిట్టి, పక్కింటి ఓవర్సీరును కేకేశారు.

ఓవర్సీరు కట్టించిన వంతెనలు ఇంకా నిలబడే ఉన్నాయి. ఆ ధైర్యంతో ఆయన ప్రతి వస్తువునూ వంతెనలాగే చూస్తాడు.

"వేడి చెయ్యాలి సార్. లోహం వ్యాకోచిస్తుంది. ఆ కొవ్వొత్తి ఇలా తెండి."

హెల్మెట్ పెట్టుకుని గుమ్మంలోకి వచ్చిన నర్సు ఆ కొవ్వొత్తిని లాక్కుంది. "బాబాయిగారూ, కింద కారేది పెట్రోలండీ! కాలిన గాయాలకు కట్లు కట్టడం నాకొచ్చు కానీ ఇవాళ తీరిక లేదు. ఏమండీ, టైమవుతోంది."

"ఇదిగో, అయిపోవచ్చింది."

అప్పుడే ఆమెకు శుభాకాంక్షలు చెబుదామని ఆడపడుచూ ఆమె భర్తా తమ బండి మీద దిగారు. అల్లుణ్ని చూడగానే నాన్నగారికి మర్యాదలు గుర్తొచ్చాయి.

"ఒరేయ్, జరుగు! అల్లుడుగారిని ఒక తిప్పు తిప్పనీ."

"ఎందుకులెండి మావయ్యగారూ," అంటూనే బావగారు చొక్కా చేతులు మడిచారు. అల్లుణ్ని అడగకపోతే అవమానం, అడిగాక ఆయన తిప్పకపోతే ఇంకా అవమానం. స్క్రూ అవమానం సంగతి ఎవరికీ పట్టలేదు.

బావగారిది ఆధునిక పద్ధతి. గాడి నిండా జిగురు పోసి, స్క్రూడ్రైవరును అందులో నిలబెట్టి, ఆరేదాకా పట్టుకున్నారు. తిప్పగానే స్క్రూడ్రైవరు చక్కగా ఊడి వచ్చింది. బావగారి బొటనవేలు, చూపుడువేలు మాత్రం దానికే అంటుకుపోయాయి.

"అయ్యో, అల్లుడుగారి చెయ్యి! వేణ్నీళ్లు!" నాన్నగారు కంగారుపడ్డారు.

"ఏమండీ..." అంది నర్సు.

"ఒక్క నిమిషం! ఇక్కడ బావ వేళ్లు అంటుకుపోతే నీకు పరీక్ష గొడవేంటి?"

ఆమె మూడోసారి పిలవలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉన్నందుకు గుమాస్తా సంతోషించాడు కూడా.

వేణ్నీళ్ల గిన్నె చుట్టూ మిగతావాళ్లు మూగడంతో అతనికి మొదటిసారి బండి దగ్గర ఏకాంతం దొరికింది. ఇరికిన రబ్బరు, జిగురు సూదితో గీకేశాడు. తుప్పు వదిలించే నూనె చుక్కలుగా వేశాడు. ఎవరి సలహా లేదు కాబట్టి నూనె లోపలికి దిగేదాకా ఊరికే కూర్చున్నాడు. తర్వాత గాడి జోలికి పోకుండా, గిన్నె పైకి కాస్త లేచి ఉన్న స్క్రూ తలనే పక్కల నుంచి బిగుసుకునే పట్టకారుతో గట్టిగా పట్టి, మెల్లగా ఎడమకు తిప్పాడు. చిన్నగా టిక్కుమంది. స్క్రూ కదిలింది. ఇంకో తిప్పు, ఇంకోటి. మర చెడలేదు, గిన్నెకు గీత పడలేదు.

"వచ్చేసింది!" అని వీధంతా వినబడేలా అరిచాడు. అందరూ పరుగెత్తుకొచ్చారు. భార్య రాలేదు. వంటింట్లో లేదు, గదిలో లేదు. ఆడపడుచూ లేదు. గేటు ముందు బావగారి బండీ లేదు.

"చెప్పకుండా ఎక్కడికెళ్లారు?" అన్నారు నాన్నగారు, ఆమె పొద్దుట్నుంచీ అదే చెబుతున్న సంగతి మరిచి.

ఎండ నడినెత్తికొచ్చాక బండి వచ్చి ఆగింది. నడుపుతున్నది నర్సు. వెనక ఆడపడుచు.

"పాసైంది! ఒక్కసారి కూడా కాలు కింద పెట్టలేదు!" అంది ఆడపడుచు దిగుతూనే.

"నా తాళం ఎవరిచ్చారు?" బావగారు ఇంకా చేతిలోనే ఉన్న స్క్రూడ్రైవరు ఊపుతూ అడిగారు.

"మీ చెయ్యి ఖాళీగా లేదుగా, జేబులోంచి నేనే తీశాను. వేణ్నీళ్లలో ఉన్నారు, మీకు తెలీలేదు," అంది ఆడపడుచు.

గుమాస్తా అరచేతిలో స్క్రూ పెట్టి భార్య ముందు నిలబడ్డాడు. "చూశావా? బాడీకి చిన్న గీత కూడా లేదు!"

ఆమె చూసింది. "బాగుందండీ. మిగతావి బిగించెయ్యండి. సోమవారం నుంచి డ్యూటీకి బండి నాకు కావాలి."

"పాసైతే మంచిదేనమ్మా," అన్నారు నాన్నగారు. "ముందు ఈ స్క్రూ వచ్చిన విధానం విను."

ఓవర్సీరు మొదలుపెట్టాడు. తన కొవ్వొత్తి ఆలోచనే సగం పని చేసిందని ఆయన వాదన.

ఇప్పుడా స్క్రూ ముందుగది షోకేసులో గాజు సీసాలో ఉంది. మీరు ఆ ఇంటికి వెళ్తే తప్పకుండా చూపిస్తారు. మెచ్చుకోండి, వేరే దారి లేదు. అయితే ఆ రోజు లైసెన్సు తెచ్చుకున్న నర్సును మాత్రం దయచేసి మీరు గుర్తుపెట్టుకోండి. ఇంట్లోవాళ్లకు అది స్క్రూ ఊడిన రోజు.