మడతబల్ల విజయము

తూర్పు మేడల తలలపై బాలభానుడు బంగారుకిరీటము లమర్చుచుండ, పాలప్యాకెట్టు కత్తిరించు చప్పుడుతో వంటిండ్లు మేలుకొనుచుండ, ఒకానొక ఆదివారమునాడు, సూక్ష్మయంత్రవైద్యశిరోమణియు, ఆగిపోయిన చేతిగడియారముల పాలిటి సంజీవనియు నగు ఒక ఇల్లాలు సంచి భుజమున తగిలించి దండయాత్రకు వెడలెను.

ఆ యాత్రకు కారణము కలదు. ఆమె గడియారములు బాగుచేయునది అన్నము తిను బల్లమీద. భోజనవేళకు బల్ల ఖాళీచేయువాడు భర్త. ఆయన దుర్మార్గుడు కాడు. తెరిచియున్న వస్తువును మూయక నిలువలేనివాడు. గొడుగు గాని, పుస్తకము గాని, పొరుగువారి గేటు గాని, నడచుచునే ఒంటిచేత్తో మూసివేయును. మొన్నటికి మొన్న ఆవగింజలో అరవయ్యోవంతు మరమేకొకటి ఆ సర్దుడులో ఎగిరి ఉప్పుడబ్బాలో తేలెను. ఇప్పుడొక పెద్దాయన తన తండ్రి గడియారమును ఆమెను నమ్మి అప్పగించెను. దాని మర పోయినచో మరొకటి దొరకదు, ఆమె మంచిపేరు మట్టిలో కలియును. అందుకే గోడ అలమారలో పైకి మడుచుకొను బల్ల చేయించుచుండెను. పలక కోసిన వడ్రంగి, దానిని నిలుపు సామాను మాత్రము మీరే చూసుకోండని తప్పుకొనెను. మడతబల్ల అన్నమాట వినగానే భర్త ఉత్సాహముతో వెంటనడిచెను.

అది ఇనుపసామాను కొట్టు కాదు, ఆయుధాగారము! గోడలనిండ బందులు, గడియలు, కొక్కెములు ధళధళ మెరయుచుండెను. కొట్టుయజమాని మొదట గొలుసును దించెను. అది గలగలార్భటితో రంగమున దుమికెను గాని, పలక కట్టగనే ఊగులాడి ఓడిపోయెను. పిమ్మట నల్లని గ్యాసు పిస్టన్ ప్రవేశించెను. ఒక్క వేలు తాకిన చాలునని యజమాని చెప్పగా భర్త తాకెను. నమూనా పలక సుతారముగా లేచి మూసుకొనెను. ఆయన తెరిచి మరల మూసెను, మరల తెరిచి మరల మూసెను. ఆ ముఖములోని ఆనందమును ఆమె చూచెను.

"ఓరి వాయుగర్భా! నీ సౌకుమార్యమే నా పాలిటి కాలపాశము! నిను గొనిపోయిన నా మరలన్నియు ఉప్పులోనే ఊరును గదరా!" అని ఆమె మనసులో గర్జించెను. పైకి మాత్రము, ఇంత తేలిగ్గా మూసుకోనిది ఉందా అని అడిగెను.

"మడతబల్లకి మడతపడనిది అడుగుతున్నారేంటమ్మా?"

"మడతపడాలండీ. నేను మడిస్తేనే."

యజమాని ఆమెను చూచెను, ఇంకను పలక మూయుచున్న భర్తను చూచెను, తానును సంసారియే గనుక సర్వము గ్రహించెను. అడుగు అరనుండి జోడు ఉక్కు బ్రాకెట్లు తీసెను. బల్ల దించగనే అవి టక్కున బిగియును. అడుగున ఇరువైపుల నున్న మీటలను రెండుచేతులతో ఒక్కసారి నొక్కిననే గాని విడువవు. ఆమె మోచేతులు మోపి చూచెను. కదలలేదు. వెంటనే సంచినుండి డబ్బు తీసెను.

మరునాటి సాయంకాలమునకు బల్ల అలమారలో నిలిచెను. దానిపై పెద్దాయన గడియారము గుండె విప్పుకొని పరుండెను. ఆమె చేతులు కడుగుకొన లోనికేగెనో లేదో, భర్త టీకప్పుతో అటు వచ్చి, అలవాటుగా ఎడమచేత బల్ల నెత్తబోయెను. లేవలేదు. వంగి చూచెను. రెండుచేతుల పని. కప్పు దించుటకు చోటు వెదకి వెదకి ఆ బల్లమీదనే దించి, మీటలు పట్టెను. కప్పుండగా బల్ల మడవరాదు. కప్పు తీసినచో చెయ్యి చాలదు. ఆ మహాసంకటమున ఆయన చాలసేపు నిలిచెను.

ఆమె తిరిగివచ్చి ఏం చేస్తున్నారని అడిగెను.

"ఏం లేదు. గట్టిగానే ఉంది," అని ఆయన కుర్చీ లాగికొని, టీ త్రాగుచు, ఆమె పని చూడసాగెను.

వినుడు, లోకులారా! దిక్కులు వినుగాక, పైయంతస్తువారును విందురుగాక! ఆనాడు ఆ యింట, గడియారము తెరిచియుండగనే ఇద్దరును భోజనము చేసిరి.